‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర ఆగిపోయిన మెయిల్

ఈసారి ఉత్తరం రాసినావిడ ఒకే ఆఫీసులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నారు. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి విషయం వరకు నా మాటల్లో చెబుతాను. ఆవిడ చదువంతా తెలుగు మీడియంలోనే సాగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీనియర్ల మెయిల్స్ చూసి రాయడం నేర్చుకున్నారు. అలా పట్టుబడిన వాక్యాల్లో ఒకటి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’. ఏ మెయిల్ రాసినా చివర్లో అది ఉండాల్సిందే. మూడు వారాల కిందట ఒక క్లయింట్‌కి మెయిల్ పంపితే, కాపీలో ఉన్న ఎనిమిది మందికీ వెళ్లేలా, ఆరు నెలల కిందటే చేరిన ఒక అమ్మాయి రిప్లై పెట్టింది: చిన్న కరెక్షన్, అది ‘టు హియర్’ కాదు, ‘టు హియరింగ్’ అని. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఈవిడ ఆ సాయంత్రం పాత మెయిల్స్ తెరిచి వెతికితే, అదే వాక్యం 300కి పైగా కనిపించిందట.

కథ అక్కడితో ఆగలేదు. అప్పటి నుంచి ‘టు’ కనిపిస్తే చాలు, భయంతో వెనకాల ‘ఐఎన్‌జీ’ తగిలించడం మొదలుపెట్టారు. ‘వీ హోప్ టు సీయింగ్ యు’, ‘ఐ వుడ్ లైక్ టు డిస్కసింగ్’ అని రాస్తుంటే మేనేజర్ పిలిచి ఏమైందని అడిగారు. ఇదంతా జరగకముందే ఒక పై పోస్టుకి అప్లికేషన్ పెట్టుకున్నారు. అందులో ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ అండర్ ప్రెజర్’ అనీ, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ ది ప్యానెల్’ అనీ రాశారు. ఇప్పుడు ఒక్కో మెయిల్‌కి అరగంట పడుతోంది. ఒక క్లయింట్‌కి పంపాల్సిన రిపోర్ట్ మెయిల్ అయితే చివరి వాక్యం తేలక రెండు రోజులుగా డ్రాఫ్ట్‌లోనే ఉంది. ఆవిడ అడిగినవి ఇవి: అసలు రూల్ ఏంటి, అప్లికేషన్ సంగతి ఏం చేయాలి, ఆ అమ్మాయితో ఎలా ఉండాలి. చివర్లో ఒక మాట రాశారు: ‘ఇంతకాలం అందరూ నన్ను చూసి లోపల నవ్వుకుని ఉంటారా?’

ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి. నవ్వుకుని ఉండరండి. మీ మెయిల్ అందుకున్నవాళ్లకు అర్థమైంది ‘ఈవిడ జవాబు కోసం చూస్తున్నారు’ అని, జవాబు ఇచ్చారు కూడా. మీరు ఆ వాక్యం నేర్చుకున్నదే మీ సీనియర్ల దగ్గర కదా, అంటే మీ ఆఫీసులో చాలామంది అలాగే రాస్తున్నారన్నమాట. నేను ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన రోజుల్లో, మిగతా వ్యాకరణమంతా చక్కగా రాసే పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే తప్పేవాళ్లు. అది అజాగ్రత్త కాదు. మనం తెలుగులో ఆలోచించి రాసేటప్పుడు ఆ తప్పు దానంతట అదే వస్తుంది, ఎందుకు వస్తుందో కూడా చెబుతాను. తప్పు మాత్రం తప్పే, దిద్దుకోవాల్సిందే. కానీ మీరు మోస్తున్నంత బరువు దానికి లేదు.

ఇక అసలు విషయం. ఇంగ్లిష్‌లో చూడ్డానికి ఒకేలా ఉండే రెండు ‘టు’లు ఉన్నాయి. ఒకటి కుడి పక్కనున్న క్రియది: ‘ఐ వాంట్ టు మీట్’, ‘వీ హోప్ టు సీ’ లాంటి చోట్ల ‘టు’ తన వెనక వచ్చే క్రియని పట్టుకుని ఉంటుంది, ఆ క్రియ మార్పు లేకుండా మామూలు రూపంలో వస్తుంది. రెండోది ఎడమ పక్కనున్న మాటది. ‘లుక్ ఫార్వర్డ్ టు’ అనే మూడు మాటలూ కలిసి ఒకే క్రియ. అందులో ‘టు’ ఆ క్రియకి తోక. తోక వరకు అక్కడితో అయిపోయింది, ఆ తర్వాత రావాల్సింది ఒక పేరు. ‘యువర్ రిప్లై’, ‘ది మీటింగ్’, ‘ఇట్’ ఇలా ఏ నామవాచకమైనా సరే. ఒకవేళ అక్కడ ఒక పని గురించి చెప్పాలంటే ఆ పనిని పేరుగా మార్చి పెట్టాలి, ఇంగ్లిష్‌లో అలా మార్చేదే ‘ఐఎన్‌జీ’.

తెలుగులో మనం ఇది రోజూ చేస్తాం. ‘కలువు’ క్రియ, ‘కలవడం’ పేరు. ఆ ‘కలవడం’ అనే మాటకి ‘కి’ చేరిస్తే ‘కలవడానికి’. అంటే ‘టు మీటింగ్ యు’లో ‘టు’ మన ‘కి’, ‘మీటింగ్’ మన ‘కలవడం’. మనకి వెనక వచ్చేది వాళ్లకి ముందు వస్తుంది, అంతే తేడా. ఇంత చక్కగా సరిపోతుంటే మరి తప్పెందుకు వస్తుందంటే, మనం అదే ‘కలవడానికి’ని ఇంకో పనికి కూడా వాడతాం. ‘మిమ్మల్ని కలవడానికి వచ్చాను’ అన్నప్పుడు అది కారణం చెబుతోంది, ఇంగ్లిష్‌లో అక్కడ ‘ఐ కేమ్ టు మీట్ యు’ అనాలి. మనకి ఒకే రూపం, వాళ్లకి రెండు. చిన్నప్పుడు మనకి ‘టు మీట్ అంటే కలవడానికి’ అని ఒక్కటే నేర్పారు, దాంతో ఎక్కడ ‘కలవడానికి’ తోచినా చెయ్యి ‘టు మీట్’ అని రాసేస్తుంది.

ఇంకొందరు ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై’ అని రాస్తారు, అది కూడా తెలుగు లోంచి వచ్చిందే: ‘మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాను’లోని ‘కోసం’ అక్కడ ‘ఫర్’ అయి కూర్చుంది. ‘వెయిట్’కి ‘ఫర్’ సరే, ‘లుక్ ఫార్వర్డ్’కి ఎప్పుడూ ‘టు’నే.

ఆశ్చర్యం ఏంటంటే పుట్టుకలో ఆ రెండు ‘టు’లూ ఒకటే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో అది ‘వైపు’ అని చెప్పే మాట. క్రియ ముందు దాన్ని వాడితే ఆ క్రియ చివర ఒక ప్రత్యయం చేరి దాదాపు పేరులా మారేది. తర్వాతి కాలంలో ఆ ప్రత్యయం అరిగిపోయింది, ‘టు’ మాత్రం క్రియ ముందు ఒంటరిగా మిగిలిపోయింది. కాబట్టి రెండూ ఒకేలా ఉన్నాయని మీరు తికమకపడటంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఇలా రెండు మూడు మాటలు కలిసి ఒక క్రియలా నడిచేవాటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు కూడా పాతదేం కాదు, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత దాన్ని వాడుకలోకి తెచ్చారు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ తనకి ఆ పేరు సూచించారని చెప్పుకున్నారు. మీరు నిఘంటువులో వెతికేటప్పుడు ‘లుక్’ అన్న మాట కింద, మూడు మాటలూ కలిపి ఉన్నచోట చూడండి, విడివిడిగా వెతికితే ఏమీ దొరకదు.

ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది, ఏ ‘టు’ ఏదో తేల్చుకునే పద్ధతి. ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చదవండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ హాయిగా నిలబడింది, కాబట్టి అది ఎడమ పక్కది, వెనక క్రియ వస్తే ‘ఐఎన్‌జీ’ కావాలి. ‘వీ హోప్ టు ఇట్’ నిలబడలేదు, ‘ఐ వాంట్ టు ఇట్’ నిలబడలేదు, ‘ఐ వుడ్ లైక్ టు ఇట్’ కూడా నిలబడలేదు, అక్కడ మామూలు క్రియే. మీరు భయంతో తగిలించిన ‘సీయింగ్’, ‘డిస్కసింగ్’ రెండూ ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతాయి. నూటికి నూరుపాళ్లూ పనిచేస్తుందని అనను. ‘ఎగ్రీ’ లాంటివి ఉన్నాయి: ‘ఐ ఎగ్రీ టు ఇట్’ సరైనదే, అయినా ‘వీ ఎగ్రీడ్ టు మీట్’ అనే రాస్తారు. అలాంటివి కొద్ది, చదువుతుంటే అవే అలవాటవుతాయి.

ఎడమ పక్కకి అతుక్కునే ‘టు’లలో ఆఫీసు రాతల్లో తరచుగా కనిపించేవి కొన్ని చెబుతాను. ‘ఆబ్జెక్ట్ టు’, ‘కమిటెడ్ టు’, ‘ఇన్ అడిషన్ టు’, ‘వెన్ ఇట్ కమ్స్ టు’, ‘విత్ ఎ వ్యూ టు’, ఇంకా మీ అప్లికేషన్‌లో ఇబ్బంది పెట్టిన ‘బీ యూజ్డ్ టు’. మిగతా చోట్ల ‘టు’ చూసి కంగారు పడక్కర్లేదు, అనుమానం వస్తే ‘ఇట్’ పెట్టి చూడండి. ఒకే వాక్యంలో రెండు ‘టు’లనీ చూడాలనుకుంటే ఇది కాగితం మీద రాసి పెట్టుకోండి: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ది ఆపర్చునిటీ టు మీట్ యు’. మొదటి ‘టు’ వెనక పేరు వచ్చింది, ‘ఆపర్చునిటీ’. రెండో ‘టు’ వెనక మామూలు క్రియ వచ్చింది, ‘మీట్’. రెండూ సరైనవే, ఎవరి పక్కన వాళ్లు ఉన్నారు.

‘యూజ్డ్ టు’ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ‘లుక్ ఫార్వర్డ్’ దగ్గర తప్పితే అర్థం చెడదు, ఇక్కడ తప్పితే చెడుతుంది. ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు రాత్రిళ్లు పనిచేసేదాన్ని, ఇప్పుడు లేదు. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అంటే రాత్రిళ్లు పనిచేయడానికి అలవాటు పడ్డాను. ‘చేసేదాన్ని’కీ ‘చేయడానికి అలవాటు పడ్డాను’కీ తెలుగులో ఎవరూ పొరబడరు, ఇంగ్లిష్‌లో ఒక ‘యామ్’, ఒక ‘ఐఎన్‌జీ’ మాత్రమే వాటిని విడదీస్తున్నాయి. మీ వాక్యంలో ‘వర్కింగ్’ బదులు ‘వర్క్’ పడింది గానీ ‘ఐ యామ్’ ఉంది. అదే మిమ్మల్ని కాపాడింది, చదివినవాళ్లు అలవాటు అనే అర్థమే తీసుకుంటారు. ‘యామ్’ కూడా పోయి ఉంటే ‘ఒత్తిడిలో పనిచేసేదాన్ని’ అని, అంటే ఇప్పుడు చేయనని చెప్పినట్టయ్యేది.

దాంతో అప్లికేషన్ సంగతికి వచ్చాం. మీ ముందు మూడు దారులున్నాయి. గడువు ఇంకా ఉండి, అదే ఫారంలో మార్చుకునే వీలుంటే నిశ్శబ్దంగా మార్చేయండి, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. గడువు అయిపోయి ఉంటే వదిలేయవచ్చు. చదివేవాళ్లలో వ్యాకరణం పట్టి చూసేవాళ్లు ఉంటే రెండు చిన్న తప్పులు గమనిస్తారు, ఆ నష్టం ఉంది, కాదనను. కానీ అర్థం చెడలేదు, మీ పని గురించి రాసినదాని పక్కన అవి పెద్దగా నిలవవు. మూడోది, తప్పు జరిగింది క్షమించండి అంటూ దిద్దిన కాపీ పంపడం. మీ మనసుకి అది తేలికగా అనిపించవచ్చు గానీ, అసలు గమనించనివాళ్లకి కూడా మీరే వేలు పెట్టి చూపించినట్టవుతుంది. పైగా మీ అప్లికేషన్ పేరు చెప్పగానే వాళ్లకి ముందు ఆ తప్పే గుర్తొస్తుంది. ఇంకేదైనా సర్టిఫికెట్ పంపాల్సిన పని నిజంగా ఉంటే, ఆ మెయిల్‌కే దిద్దిన కాపీ జతచేయవచ్చు, కారణం రాయకుండా. అలాంటి అవసరం లేకపోతే నేనైతే వదిలేస్తాను. ఆ ఉద్యోగంలో రోజూ రాతపనే ఎక్కువైతే మాత్రం ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ విషయం ఎత్తవచ్చు. ఎత్తితే ‘అవును, తర్వాత తెలిసింది, దిద్దుకున్నాను’ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లండి.

ఆ 300 మెయిల్స్ జోలికి వెళ్లకండి. వాటి పని ఎప్పుడో అయిపోయింది. ఒక్కటి చూసుకోండి, ఆ పాత వాక్యం ఎక్కడైనా ఫార్మాట్‌లోనో, ఆటోమేటిక్ రిప్లైలోనో, మెయిల్ కింద సంతకంలోనో ఉండిపోయిందేమో. అక్కడుంటే అది ఇవాళ కూడా కొత్తగా వెళుతూనే ఉంటుంది, దాన్ని మార్చండి.

ఇక ఆ అమ్మాయి. తను చెప్పిన విషయం సరైనది, చెప్పిన చోటు సరైనది కాదు. క్లయింట్ ముందు, ఎనిమిది మంది ముందు, మీకన్నా పదేళ్ల అనుభవం తక్కువున్న మనిషి అలా రాస్తే ఎవరికైనా గుచ్చుకుంటుంది, మీరు అతిగా బాధపడుతున్నారని నేను అనుకోవడం లేదు. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. గొడవ ఉండదు, కానీ మీరు రాసింది చూస్తే ఇది లోపల కరుడుగట్టే రకం, తను కాపీలో ఉన్న ప్రతి మెయిల్ దగ్గరా మీ చెయ్యి వణుకుతుంది. అందరి ముందూ జవాబు ఇవ్వాలంటే ఆ రోజే ఇవ్వాలి, మూడు వారాల తర్వాత ఇస్తే అందరూ మర్చిపోయినదాన్ని తవ్వి తీసినట్టుంటుంది. విడిగా మాట్లాడటం ఒకటి మిగిలింది. ‘నువ్వు చెప్పింది సరే అమ్మా, దిద్దుకున్నాను. ఇలాంటివి ఇకపై నాకు విడిగా చెప్పు, క్లయింట్ ఉన్న మెయిల్‌లో వద్దు’ అని, కోపం లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు. తను నొచ్చుకోవచ్చు, లేదా అసలు అంత ఆలోచించి రాయలేదని చెప్పవచ్చు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన మనిషికి ‘రిప్లై ఆల్’ ఎవరెవరికి వెళుతుందో తట్టకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఎటైనా గాని మీ మాట మీరు చెప్పుకున్నట్టు ఉంటుంది. ఒకవేళ తను ఇదే పని మళ్లీ చేస్తే అది వ్యాకరణం సమస్య కాదు, అప్పుడు మేనేజర్‌తో మాట్లాడాల్సిందే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కొందరు ఈ తలనొప్పి వద్దనుకుని ‘టు’ తర్వాత ఎప్పుడూ పేరే పెడతారు: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’, ‘టు అవర్ మీటింగ్’. ఇది మంచి దారే, టెన్షన్ తగ్గే వరకు మీరూ వాడవచ్చు. దానికీ ఓ పరిమితి ఉంది, ‘కమిటెడ్ టు’, ‘యూజ్డ్ టు’ వచ్చినప్పుడు మళ్లీ అదే గోడకి తగులుతారు. పైగా ‘వర్క్’, ‘విజిట్’ లాంటి మాటలు పేర్లూ అవుతాయి, క్రియలూ అవుతాయి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు వర్క్’ అంటే ఆఫీసు పని అంటే నాకు ఉత్సాహం అని, ‘మీతో కలిసి పనిచేయడం’ అనాలంటే ‘టు వర్కింగ్ విత్ యు’ అనే రాయాలి.

మన ‘ఎదురుచూపు’లో ఆత్రం ఉండొచ్చు, విసుగు ఉండొచ్చు, ఆనందం ఉండొచ్చు. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో సంతోషం ఉంటుంది, జరగబోయేది మనకి ఇష్టమైనదని అది చెబుతుంది. అందుకే మామూలు ఉత్తరాల చివర అంత బాగా కుదురుతుంది. ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’ అంటే మాత్రం చదివేవాళ్లకి ‘ఇంకా ఇవ్వలేదేం?’ అన్నట్టు వినిపిస్తుంది. కానీ కష్టంలో ఉన్నవాళ్లకి రాసేటప్పుడో, ఎవరి ఫిర్యాదుకో జవాబిచ్చేటప్పుడో ‘లుక్ ఫార్వర్డ్’ అతకదు. అక్కడ ‘ప్లీజ్ లెట్ మీ నో’ అంటే చాలు. ఫలానా తేదీలోగా జవాబు కావాలంటే తేదీ తిన్నగా రాసేయండి, సంతోషం వెనక దాచొద్దు.

రాసేటప్పుడు ఇంకో రెండు చిన్నవి చూసుకోండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్’ కాస్త మర్యాదగా, దూరంగా ఉంటుంది, ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ కొంచెం చనువుగా ఉంటుంది. రెండూ సరే గానీ రెండూ కలిసిపోయి ‘ఐ యామ్ లుక్ ఫార్వర్డ్’ కాకూడదు. అలాగే ‘ఫ్రమ్’ జారిపోనివ్వకండి, ‘హియరింగ్ యు’ అంటే మీ గొంతు వినడం, ‘హియరింగ్ ఫ్రమ్ యు’ అంటే మీ దగ్గర్నుంచి కబురు రావడం.

మెయిల్‌కి అరగంట పట్టడం గురించి: ఈ వారం రోజులూ మామూలు వేగంతోనే రాయండి, రాసేటప్పుడు ఆగొద్దు. అంతా అయ్యాక ఒక్కసారి ‘టు’ల వెంట మాత్రమే కన్ను పోనిచ్చి, అనుమానం వచ్చినచోట ‘ఇట్’ పెట్టి చూడండి, పంపేయండి.

డ్రాఫ్ట్‌లో ఉన్న మెయిల్‌కి చివరి వాక్యం ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు రిసీవింగ్ యువర్ కామెంట్స్ ఆన్ ది రిపోర్ట్’ అని పెట్టండి, పొడుగనిపిస్తే ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ కామెంట్స్’ అన్నా సరిపోతుంది. ఏది పెట్టినా ఇవాళే పంపండి, ఆ క్లయింట్ రెండు రోజులుగా రిపోర్ట్ కోసం చూస్తున్నారు.